పెరట్లో పందికొక్కు

రాత్రి పడుకునేముందు పెరడు శుభ్రంగానే ఉంది. తెల్లవారి చూస్తే ప్రహరీగోడ పక్కన బుట్టెడు మట్టి కుప్పగా పోసి ఉంది. దగ్గరలోని కనకాంబరం మొక్క తల వాల్చింది. పట్టుకుంటే వేళ్లు లేకుండా చేతిలోకి వచ్చింది. ఇంట్లో ఒకరు "కన్నంలో నీళ్లు పోయండి" అంటారు. ఒకరు "మందు పెట్టండి" అంటారు. మరొకరు పలుగు పట్టుకుని తవ్వడం మొదలుపెడతారు. మధ్యాహ్నానికి పెరడంతా గుంటలే. మర్నాడు ఇంకోచోట మరో మట్టికుప్ప! కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అంటారు గదా, ఇక్కడ ఆ ఎలుక కూడా దొరకదు.

మంచి వైద్యుడు మందు ఇచ్చే ముందు రోగం ఏమిటో తెలుసుకుంటాడు. మనమూ అలాగే చేద్దాం. మూడు ప్రశ్నలు వేసుకుందాం. తవ్వింది ఎవరు? ఎందుకు వచ్చింది? ఏది తీసేస్తే ఇక్కడ ఉండలేదు? ఈ మూడింటికీ జవాబు దొరికితే సగం పని అయినట్టే.

తవ్వింది ఎవరు?

మన ఇళ్ల చుట్టూ రాత్రిపూట తిరిగే చిన్న జంతువుల్లో నాలుగింటిని గుర్తుపట్టడం నేర్చుకోవాలి.

మొదటిది చిట్టెలుక. బొటనవేలంత ఉంటుంది. పాత పుస్తకాల వెనక, బీరువాల కింద చేరుతుంది. రెండోది ఇంటి ఎలుక. దీని తోక ఒంటికంటె పొడుగు, చెవులు పెద్దవి. ఎక్కడంలో మహా నేర్పరి. అటకమీద, పెంకుల కింద, కొబ్బరి మొవ్వలో గూడు పెడుతుంది. ఈ రెండూ పెరట్లో బుట్టలకొద్దీ మట్టి తోడే రకాలు కావు.

మూడోది చుంచు. కొన్ని ప్రాంతాల్లో చిట్టెలుకను కూడా చుంచెలుక అంటారు. ఇక్కడ చెబుతున్నది దాన్ని కాదు. కోసుగా సాగిన మూతి, ఆవగింజల్లాంటి కళ్లు, ముక్కు మూసుకోవలసినంత కంపు గల జంతువును. గోడవారగా "చిక్ చిక్" మంటూ పరుగెత్తుతుంది. చూడటానికి ఎలుకలాగే ఉన్నా ఇది ఎలుకజాతిది కానే కాదు. గింజలకోసం రాదు. బొద్దింకలను, పురుగులను తినిపోతుంది. వంటింట్లో బొద్దింకలు పెరగకుండా రాత్రంతా జీతంలేని నౌకరీ చేస్తుందన్నమాట. తెలియక చాలామంది దీన్ని ఎలుక అనుకుని చంపుతారు.

నాలుగోది పందికొక్కు. మన మట్టికుప్ప దీని పనే. పందికొక్కుల్లో మన దగ్గర రెండు జాతులున్నాయి. పెద్దది ఊళ్లలో, మురుగుకాలువల పక్కన, పాత ఇళ్ల దగ్గర ఉంటుంది. బాగా ఎదిగితే కిలో వరకు తూగుతుంది. చిన్న జాతి సాధారణంగా 200 నుంచి 400 గ్రాములు ఉంటుంది. ఇది వరిపొలాల గట్లలోనూ, ధాన్యం కొట్లలోనూ, పట్నాల పెరళ్లలోనూ కూడా కనిపిస్తుంది. రెండింటికీ మూతి మొద్దు, ఒళ్లు బలిష్ఠం, వెంట్రుకలు గరుకు. మూలకు తరిమితే వెంట్రుకలు నిక్కబొడుచుకుని పందిలా గుర్రుమంటాయి. ఆ పేరు ఎందుకు వచ్చిందో తెలిసింది గదా!

ఈ పేరుకు ఒక గొప్ప చరిత్ర ఉంది. మన దేశానికి వచ్చిన ఆంగ్లేయులు "పందికొక్కు" అనే తెలుగు మాటనే "బాండికూట్" అని పలికి తమ భాషలో చేర్చుకున్నారు. తర్వాత ఆస్ట్రేలియాలో కనిపించిన, పిల్లల్ని సంచిలో పెట్టుకునే ఒక జంతువుకు కూడా ఆ పేరే పెట్టారు. ఆ జంతువుకూ మన పందికొక్కుకూ ఏ చుట్టరికమూ లేదు. అయినా మన మాట సముద్రం దాటి వెళ్లి అక్కడ స్థిరపడింది.

మట్టికుప్పలు చేసే మరో జంతువు

ఐరోపాలోనూ, అమెరికాలోనూ ఇళ్లముందు పెంచే పచ్చికలో కూడా ఇలాంటి మట్టికుప్పలే లేస్తాయి. అక్కడ తవ్వేది "మోల్" అనే జంతువు. ముఖమల్‌లాంటి బొచ్చు, ఉందా లేదా అన్నట్టుండే కళ్లు, పారల్లా పక్కకు తిరిగిన ముందుకాళ్లు దాని గుర్తులు. మన చిన్న పందికొక్కు కూడా అలాగే కుప్పలు పోస్తుంది కనక ఆంగ్లేయులు దానికి "మోల్ ఎలుక" అని ఇంకో పేరు పెట్టారు. కాని అసలు మోల్ ఎలుక కాదు. అది మన చుంచుకు చుట్టం! దాని ఆహారం వానపాములు, మట్టిలోని పురుగులు. మోల్‌లు మన దేశంలో హిమాలయాల వైపు, ఈశాన్య ప్రాంతంలో ఉన్నాయి గాని దక్షిణాదిన లేవు.

ఈ తేడా ఎందుకు తెలియాలి? గింజల్లో విషం కలిపి మోల్ దారిలో పెడితే అది వాటి వంక చూడనైనా చూడదు. గింజలు దాని తిండి కావు మరి. అమెరికాలో కొందరు దాని సొరంగాల్లో చ్యూయింగ్ గమ్ కూడా పెట్టి చూశారు. ఫలితం సున్న. అక్కడ పనిచేసేది అది రోజూ తిరిగే సొరంగాన్ని గుర్తించి, అందులో అమర్చే బోను. అంటే కుప్పలు ఒకేలా ఉన్నా లోపలి జంతువు వేరైతే ఉపాయం కూడా వేరు కావాలి.

ఉలి వంటి పళ్లు

ఎలుకలు, ఉడతలు, పందికొక్కులు రోడెన్షియా అనే క్రమానికి చెందిన క్షీరదాలు. వీటి ముందు పళ్లను, అంటే కుంతకాలను, ఒకసారి పరిశీలించండి. పైన రెండు, కింద రెండు. ఇవి బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. పంటి ముందువైపు మాత్రమే గట్టి పింగాణి పొర ఉంటుంది, వెనకభాగం మెత్తన. కొరికేటప్పుడు వెనకభాగం త్వరగా అరిగిపోతుంది, ముందు అంచు మిగులుతుంది. అందువల్ల పన్ను ఎప్పుడూ ఉలిలా వాడిగానే ఉంటుంది. వడ్రంగి ఉలికి సాన పట్టాలి, పందికొక్కు ఉలికి సాన అక్కర్లేదు.

ఈ పళ్లతో అది వేళ్లను కోస్తుంది, గట్టిమట్టిని పెళ్లగిస్తుంది. ఆ సమయంలో పెదవుల మడతలు కుంతకాల వెనక దగ్గరకు చేరి నోటిని మూస్తాయి. నోట్లోకి మట్టి పోదు. తవ్విన మట్టిని కాళ్లతో వెనక్కు తోసి బయట కుప్ప పోస్తుంది.

మట్టికింద ఇల్లు

పందికొక్కు కలుగు ఒక్క కన్నం కాదు. అడుగు, రెండడుగుల లోతులో కొమ్మలు కొమ్మలుగా సాగే సొరంగం. అందులో గడ్డి, గుడ్డపేలికలు పరిచిన పడకగది ఒకటి. తిండి దాచుకునే గది వేరు. చిన్న పందికొక్కు ధాన్యం దాచడంలో పేరుమోసింది. కోతలయ్యాక పొలంగట్ల కలుగులు తవ్వితే కిలోలకొద్దీ వడ్లు బయటపడటం మన పల్లెల్లో అందరికీ తెలిసిన సంగతే. "పందికొక్కులా మేస్తున్నాడు" అనే మాట ఊరికే పుట్టలేదు!

కలుగుకు రాకపోకల ద్వారాలు కాక ప్రమాదం వస్తే పారిపోవడానికి దొడ్డిదారులు కూడా ఉంటాయి. పగలు లోపల నిద్రపోయేటప్పుడు ద్వారాన్ని వదులుమట్టితో మూసుకుంటుంది. కన్నం కనబడలేదు కనక జంతువు లేదనుకుంటే పొరపాటే. తడిగా, వదులుగా ఉన్న తాజా మట్టి కనిపించిందంటే లోపల యజమాని ఉన్నట్టే.

ఇప్పుడు నీళ్లు పోస్తే ఏమవుతుందో మీరే ఆలోచించండి. పందికొక్కు దొడ్డిదారిన పోతుంది. అదీగాక అది బాగా ఈదగలదు. పోసిన నీళ్లు మాత్రం సొరంగం వెంట పునాది కిందికి పోయి మట్టిని మెత్తన చేస్తాయి. నష్టం మనకే.

పొగ సంగతి ఏమిటి? నెల్లూరు, గుంటూరు, కృష్ణా ప్రాంతాల్లో యానాదులు పొలంగట్ల ఎలుకల్ని పట్టడంలో తరతరాల నేర్పు గలవాళ్లు. కుండలో గడ్డి వేసి అంటించి, దాని మూతిని కలుగుకు ఆనించి, కుండ అడుగున ఉన్న రంధ్రం గుండా గాలి ఊదుతారు. పొగ సొరంగమంతా నిండుతుంది. మిగిలిన ద్వారాలు ఎక్కడున్నాయో వాళ్లు ముందే కనిపెట్టి మూసి ఉంచుతారు. బహిరంగ పొలంలో ఇది చక్కటి ఉపాయం. కాని ఇంటిపక్క కలుగు గచ్చు కిందినుంచి గదుల్లోకి కూడా పోవచ్చు. అక్కడ పొగ గాని, విషవాయువు గాని వదిలితే అది మనుషులు నిద్రపోయే చోట తేలుతుంది. కనక ఇంటి దగ్గర ఈ పని ఎన్నడూ చేయకూడదు.

ఎందుకింత పట్టుదల?

ఒక మొక్క పోతే పోయిందిలే అనిపించవచ్చు. కాని పందికొక్కు చేసే నష్టం మొక్కతో ఆగదు. పునాదుల పక్క, గచ్చు కింద మట్టి తోడేస్తే గచ్చు కుంగుతుంది, గోడ బీటలు వారుతుంది. కోళ్లగూట్లో పిల్లలకు ఆపద. ధాన్యం కొట్లో అది తిన్నదానికంటె పాడుచేసింది ఎక్కువ.

ఆరోగ్యం మాట మరీ ముఖ్యం. ఎలుకల, పందికొక్కుల మూత్రంలో లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. వానాకాలంలో ఆ మూత్రం కలిసిన నీటిలో, బురదలో చెప్పులు లేకుండా నడిస్తే కాలి పగుళ్లగుండా, గాయాలగుండా అది శరీరంలోకి చేరుతుంది. దానివల్ల వచ్చే జ్వరాన్నే ఎలుక జ్వరం అంటారు. ముదిరితే మూత్రపిండాలు, కాలేయం దెబ్బతింటాయి. ఇక ప్లేగు సంగతి మీరు పాఠాల్లో చదివే ఉంటారు. ఎలుకల బొచ్చులో బతికే "ఫ్లీ" అనే రెక్కల్లేని చిన్న పురుగు ఆ వ్యాధిని మోస్తుందని 1898లో మన ఉపఖండంలోనే పనిచేస్తూ పాల్ లూయీ సిమాండ్ అనే ఫ్రెంచి వైద్యుడు నిరూపించాడు. ఎలుక చచ్చి ఒళ్లు చల్లబడగానే ఫ్లీలు దాన్ని వదిలి మరో వెచ్చని ఒంటిని వెతుక్కుంటాయి. చచ్చిన ఎలుకను వట్టి చేత్తో ఎందుకు ముట్టుకోకూడదో దీన్నిబట్టి తెలుస్తుంది.

చంపితే తగ్గుతాయా?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఒక పెరట్లో ఎనిమిది పందికొక్కులు ఉన్నాయనుకోండి. కష్టపడి ఆరింటిని పట్టారు. ఒక ఆడ, ఒక మగ మిగిలాయి. ఆడ పందికొక్కు గర్భం సుమారు మూడు వారాలు. ఈతకు ఆరు పిల్లలు అని లెక్క వేయండి. నెల తిరిగేసరికి పెరట్లో మళ్లీ ఎనిమిది! మూడు నెలలకు ఆ పిల్లలు కూడా పిల్లల్ని కనే వయసుకు వస్తాయి. తిండి మాత్రం మునుపటంతే ఉంది. తినేవాళ్లు తగ్గారు కనక మిగిలినవాటికి రెట్టింపు విందు. ఖాళీ అయిన కలుగుల్లోకి పక్కింటి పందికొక్కులు కూడా చేరతాయి.

ఇది ఊహ కాదు. 1940లలో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో డేవిడ్ డేవిస్, ఆయన సహచరులు వీధి ఎలుకలను శ్రద్ధగా లెక్కపెట్టారు. బోనులతో, విషంతో ఎలుకలను తగ్గించిన పేటల్లో కొన్ని నెలల్లోనే వాటి సంఖ్య మళ్లీ పాతస్థాయికి వచ్చింది. చెత్త, దాక్కునే చోట్లు తీసేసి బాగుచేసిన పేటల్లో మాత్రం ఎలుకలు తగ్గి, అలాగే నిలిచిపోయాయి. ఒకచోట ఎన్ని ఎలుకలు ఉండాలో నిర్ణయించేది మన బోనులు కావు. అక్కడ దొరికే తిండి, నీరు, నీడ.

అందుచేత పందికొక్కును తరమడమంటే ముందు దాని తిండిని తరమడం.

పని ఏ వరుసలో చేయాలి?

మొదటిది, తిండి తీసేయడం. రాత్రి కోళ్లకు, కుక్కలకు వేసిన ఎంగిలి తెల్లవార్లూ ఉంచకూడదు. చెత్తబుట్టకు గట్టి మూత కావాలి. బియ్యం, పప్పులు రేకుడబ్బాల్లో పోయాలి, గోనెసంచి దాని పళ్లకు ఒక లెక్క కాదు. రాలిన జామపళ్లు, సపోటాలు సాయంత్రమే ఏరేయాలి. కారే కుళాయిని బాగుచేయించాలి.

రెండోది, నీడ తీసేయడం. గోడవార పేర్చిన కట్టెలు, ఇటుకలు, పాత రేకులు పందికొక్కుకు కోటగోడలు. వాటిని నేలకు అడుగున్నర ఎత్తున బల్లమీద, గోడకు ఎడంగా పేర్చండి. కిందికి వెలుతురు పడితే అది అక్కడ నిలవదు. మురుగునీటి తూములకు ఇనప జల్లెడ బిగించాలి. తలుపు అడుగున సందు ఉంటే రేకు కొట్టించాలి.

మూడోది, బోను. పందికొక్కు అనుమానపు జీవి. తన దారిలో కొత్త వస్తువు కనిపిస్తే కొన్నాళ్లు దాని ఛాయలకు రాదు. అందుకని మొదటి రెండుమూడు రాత్రులు బోను తలుపు పడకుండా కట్టి, లోపల కొబ్బరిముక్కో, ఎండుచేప ముక్కో ఉంచండి. తిని పోనివ్వండి. నాలుగోనాడు తలుపు సిద్ధం చేయండి. బోను పెరటి మధ్యలో పెట్టవద్దు. పందికొక్కు మీసాలు గోడకు తగిలిస్తూ గోడవారనే నడుస్తుంది. బోనూ అక్కడే ఉండాలి. పడిన జంతువు దగ్గరకు మీరు వెళ్లకండి, గట్టిగా కరుస్తుంది. దాన్ని పుల్లలతో పొడిచి ఆడుకోవడం అంతకంటె తప్పు. ఆపైన చేయవలసింది పెద్దలు చూసుకుంటారు. పక్కవీధిలో వదిలితే పని అయినట్టు కాదు, బాధ ఇంకొకరి ఇంటికి మారినట్టు.

నాలుగోది, కలుగు పూడ్చడం. కొత్తమట్టి రావడం ఆగిందని నిర్ధారణ అయ్యాకనే ఇటుకముక్కలు, కంకర దట్టించి, పైన సిమెంటు చేయించాలి. జంతువు లోపల ఉండగా పూడిస్తే మరోపక్క తవ్వుకుని వస్తుంది.

చెవికి వినపడని శబ్దంతో ఎలుకల్ని తరిమే యంత్రాలని కొన్ని అమ్ముతారు. అటువంటి శబ్దాన్ని ఒక గోడ, ఒక బీరువా కూడా ఆపేస్తాయి. మట్టిలోకి అసలు పోదు. పైగా తిండి ఉన్నచోట ఎలుకలు ఆ రొదకు త్వరలోనే అలవాటుపడతాయి.

విషం మాట

విషాన్ని చివర చెప్పడానికి కారణం ఉంది. జింక్ ఫాస్ఫైడ్ అనే నల్లటి పొడి కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ అనే విషవాయువును పుట్టిస్తుంది. మనిషి తిన్నా అంతే, దానికి విరుగుడు మందు లేదు. పైగా కొంచెం తిని బతికిన పందికొక్కు ఆ ఎరను మళ్లీ ముట్టదు.

రెండోరకం విషాలు రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి. వీటి కథ విచిత్రం. అమెరికాలో కుళ్లిన స్వీట్ క్లోవర్ అనే పశుగ్రాసం తిన్న పశువులు రక్తస్రావంతో చచ్చిపోయేవి. దానికి కారణమైన పదార్థాన్ని కార్ల్ లింక్ బృందం వేరుచేసింది. దాని ఆధారంగా తయారైన వార్ఫరిన్ 1948లో ఎలుకలమందుగా బజారుకు వచ్చింది. తర్వాత అదే గుండెరోగులకు మందు కూడా అయింది! ఈ తరహా విషాలకు విటమిన్ కె విరుగుడు. కాని ఇవి తిన్న ఎలుక వెంటనే చావదు. నాలుగైదు రోజులు నీరసంగా తిరుగుతూ ఉంటుంది. అలాంటిదాన్ని గుడ్లగూబ సులువుగా పట్టుకుంటుంది. బ్రోమాడియోలోన్ వంటి కొత్తరకాలు గుడ్లగూబ కాలేయంలో పేరుకుంటాయి. రాత్రంతా ఎలుకల్ని వేటాడి మనకు సాయపడే పక్షినే మనం చంపుకున్నట్టవుతుంది. ఎలుకమీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే గదా!

విషం తప్పనిసరి అయితే ఆ పని తెలిసిన పెద్దలు, పిల్లలూ పశువులూ ముట్టలేని పెట్టెలో పెట్టి చేయాలి. మీరు మాత్రం ఆ పొట్లాన్ని ముట్టుకోవద్దు. ఎవరైనా పొరపాటున తింటే ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా, ఆ పొట్లంతో సహా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

గుడ్లగూబతోపాటు ముంగిస, జెర్రిపోతు కూడా మనకు ఉచితంగా పనిచేసేవే. జెర్రిపోతుకు విషం లేదు. వాటి మానాన వాటిని తిరగనివ్వండి.

మీరే చేసి చూడండి

ఒక నోటుపుస్తకంలో మీ పెరటి పటం గీయండి. గోడలు, చెట్లు, కుళాయి, చెత్తబుట్ట గుర్తించండి. కనిపించిన ప్రతి మట్టికుప్పకూ ఒక అంకె వేయండి. సాయంత్రం చెప్పులు వేసుకుని, కర్రతో కుప్పలన్నిటినీ నేలమట్టం చేయండి. తెల్లవారి ఎన్ని మళ్లీ లేచాయో రాయండి. అవే జంతువు ఉన్న కలుగులు. పని కాగానే చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఇలా వారం రోజులు లెక్కించండి. తర్వాత తిండి, నీడ తీసేసి మరో రెండు వారాలు లెక్కించండి. రెండు లెక్కలనూ గ్రాఫు కాగితంమీద గీతగా వేయండి. గీత కిందికి దిగితే మీ ఉపాయం పనిచేసినట్టు. దిగకపోతే ఎక్కడో తిండి ఇంకా దొరుకుతున్నదన్నమాట. అది మీ గోడకు అవతల కూడా ఉండవచ్చు. పందికొక్కుకు ప్రహరీగోడ సరిహద్దు కాదు. కాబట్టి గ్రాఫును పక్కింటివాళ్లకు కూడా చూపించండి. వీధిలోని పది ఇళ్లూ ఒకే వారంలో చెత్తబుట్టలకు మూతలు పెడితే, ఒక్క ఇల్లు ఏడాదంతా బోను పెట్టినదానికంటె ఎక్కువ ఫలితం ఉంటుంది.

ఆలోచించండి

1. చుంచుకు, పందికొక్కుకు మీరు గుర్తించగల తేడాలు ఏమిటి?

2. పందికొక్కు పళ్లు ఎందుకు మొద్దుబారవు?

3. పొలంలో పనికివచ్చే పొగకుండ ఇంటి దగ్గర ఎందుకు పనికిరాదు?

4. మీ బడి ఆవరణలో మధ్యాహ్న భోజనం తర్వాత మిగిలిన అన్నం ఎక్కడికి పోతున్నది? అక్కడికి పది అడుగుల దూరంలో ఏమైనా కొత్తమట్టి కనిపిస్తున్నదా?